ఊడిన గుండీ నేర్పిన పాఠం

కొన్నేళ్ళ క్రితం మాట. మేము పాఠాలు చెప్పే బడిలో ఆరో తరగతి చదివే ఒక కుర్రవాడు చొక్కాకు రెండు గుండీలు లేకుండా వస్తున్నాడు. గుండీలు ఉండవలసిన చోట పిన్నీసు పెట్టుకున్నాడు. మొదటి రోజు చూసీ చూడనట్లు ఊరుకున్నాము. రెండో రోజు హెచ్చరించాము. నాలుగో రోజు మాత్రం తరగతి అందరి ముందూ నిలబెట్టి, "మీ ఇంట్లో సూదీ దారం లేవా? మీ అమ్మీకి చెప్పుకోవడం రాదా?" అని గద్దించాము. వాడు తల వంచుకుని నిలబడ్డాడే గాని ఒక్క మాట మాట్లాడలేదు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ సాయంత్రం తోటి ఉపాధ్యాయుడొకరు చెప్పగా అసలు సంగతి తెలిసింది. వాడి తల్లి మూడు వారాలుగా ఆసుపత్రిలో ఉంది. తండ్రికి పగలంతా పని, రాత్రంతా ఆసుపత్రి. ఇంట్లో ఉన్నది ముసలి నానీ ఒక్కతే. ఆమె కంటికి సూదిబెజ్జం ఆనదు. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. పిల్లల తర్బియత్ గురించి పదిమందికీ చెప్పే మేము, ఊడిన గుండీ వెనక ఏముందో అడిగి తెలుసుకోలేకపోయామే అని సిగ్గుపడ్డాము.

మర్నాడు ఒక చిన్న డబ్బాలో సూది, తెల్లదారం, నాలుగు గుండీలు పెట్టుకుని బడికి వెళ్ళాము. మధ్యాహ్నం భోజనాల వేళ వాణ్ణి పిలిచి, ముందుగా మా తప్పు మన్నించమని అడిగాము. తర్వాత వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని ఒక గుండీ మేము కుట్టి చూపించాము. రెండోది వాడి చేతనే కుట్టించాము. మొత్తం పావుగంట పని. ఆ పావుగంటలో, మేము ఏమీ అడగకుండానే, సూది మీద నుంచి చూపు తిప్పకుండానే వాడు ఇంటి సంగతులన్నీ చెప్పాడు. రాత్రిళ్ళు చెల్లెలు అమ్మీ కావాలని ఏడుస్తుంటే తనే కథలు చెప్పి నిద్రపుచ్చుతున్నాడట. హోంవర్కు ఎందుకు చేసుకురావడం లేదో మాకు అప్పుడు అర్థమయింది.

ఆనాడు మాకొక విషయం బోధపడింది. పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి ప్రశ్నిస్తే నోరు విప్పడు. పక్కన కూర్చోబెట్టుకుని చేతికి పని ఇస్తే మనసు విప్పుతాడు. ఇందుకు పనికొచ్చే పనులు చాలా ఉన్నాయి. వాటిలో సూదీ దారం అన్నిటికన్నా చవకైనది, ఏ ఇంట్లోనైనా ఉండేది. అందుకే పిల్లలతో కలిసి కూర్చుని కుట్టుకోదగిన తేలికైన పనులు కొన్ని ఈ వారం పాఠకులతో పంచుకోదలచాము.

దాదీ పిలుపు

మా చిన్నతనంలో, అంటే 1970లలో, మధ్యాహ్నం పూట ప్రతి ఇంట్లోనూ ఒక పిలుపు వినిపించేది. "బేటా, జరా ఇటు రా. ఈ సూదిలో దారం ఎక్కించి పో." గోళీలాట మధ్యలో వదిలి పరుగెత్తుకు వెళ్ళేవాళ్ళము. దారం కొస నోట్లో తడిపి, ఒక కన్ను మూసి, బెజ్జంలోకి పంపి ఇస్తే దాదీ దువా ఇచ్చేది. ఇంత పెద్ద దాదీకి చేతకాని పని మాకు చేతనవుతుందన్న గర్వం ఆ రోజంతా ఉండేది. ఒక్కోసారి దారం ఎక్కించాక కూడా అక్కడే కూర్చుండిపోయేవాళ్ళము. దాదీ కుడుతూ కబుర్లు చెప్పేది, మేము వింటూ మా కబుర్లు చెప్పేవాళ్ళము.

ఆ రోజుల్లో బట్ట చిరిగితే పారేసేవారు కాదు. అన్న చొక్కా తమ్ముడికి వచ్చేది. తమ్ముడి దగ్గర చిరిగితే మాసిక వేసేవారు. మాసిక కూడా నిలవనప్పుడు అది బొంతలోకి వెళ్ళేది. పాత చీరలు, ధోవతులు, లుంగీలు పొరలు పొరలుగా పరిచి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని కుడితే చలికాలానికి బొంత తయారయ్యేది. ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. బెంగాలులో పాత చీరలను పొరలుగా పేర్చి, ఆ చీరల అంచుల నుంచే రంగుదారాలు లాగి 'కాంథా' కుట్టేవారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీ మహిళలు 'కవంద్' అనే అతుకుల బొంతలు కుడతారు. ఆఫ్రికా మూలాలున్న ఈ సిద్దీలలో ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు మూడు మతాలవారూ ఉన్నారు. ఎవరు కుట్టినా బొంత నాలుగు మూలలా గుడ్డతో మడిచిన చిన్న పూలు కుట్టవలసిందే.

చేతిపనిని చదువులో భాగం చేయాలని మన పెద్దలు ఏనాడో చెప్పారు. 1937లో వార్ధాలో గాంధీజీ ఏర్పాటు చేసిన విద్యా సదస్సు తర్వాత ప్రాథమిక విద్య ఎలా ఉండాలో సూచించడానికి ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షులు డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయన 1897లో మన హైదరాబాదులో పుట్టినవారు, అప్పటికి జామియా మిల్లియా ఇస్లామియాను నడుపుతున్నవారు, 1967లో భారత రాష్ట్రపతి అయినవారు. పిల్లవాడి చదువు ఒక చేతిపని చుట్టూ అల్లుకోవాలన్నది ఆ కమిటీ సూచన. బడులలో క్రాఫ్టు పీరియడు అలాంటి ఆలోచనల నుంచి వచ్చిందే. ఆ పీరియడు చాలాచోట్ల లెక్కలకో సైన్సుకో వెళ్ళిపోయింది. కాని ఇంట్లో క్రాఫ్టు పీరియడు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కదా!

ఇది ఆడపిల్లల పని మాత్రమేనా?

'మగపిల్లవాడి చేతికి సూది ఇవ్వడమేమిటి?' అని కొందరు అనుకోవచ్చు. వారికి ఒక్కటే మనవి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో ఏం చేస్తుండేవారని అడిగినప్పుడు, తన దుస్తులు తానే కుట్టుకునేవారని, చెప్పులు తానే బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. అంతటి మహనీయులకు లేని చిన్నతనం మన అబ్బాయిలకు ఎక్కడి నుంచి వచ్చింది? ఇక విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోలు పదును చేసి, కుట్టి, ఆ వచ్చిన దానిని పేదలకు దానం చేసేవారని గ్రంథాలలో ఉంది. అంటే సూదిపని ఇంటి అవసరం తీర్చేది మాత్రమే కాదు, పుణ్యం సంపాదించే సాధనం కూడా.

మాకు కుట్టు వచ్చింది మదర్సా హాస్టలులోనే. గురువారం అసర్ నమాజు తర్వాత అందరూ బట్టలు ఉతుక్కుని, చిరుగులు కుట్టుకుని శుక్రవారానికి సిద్ధమయ్యేవారు. పెద్ద విద్యార్థులు చిన్నవారికి నేర్పేవారు. మేము మొదటిసారి గుండీ కుట్టినప్పుడు చొక్కా ముందు భాగాన్ని, వెనక భాగాన్ని కలిపి కుట్టేశాము. తొడుక్కోబోతే తల దూరలేదు. గదిలోని వారంతా పడీపడీ నవ్వారు. కాని ఆ తర్వాత ఏడేళ్ళ హాస్టలు జీవితంలో మా గుండీల కోసం ఎవరినీ బతిమాలుకోలేదు.

మొదలు పెట్టే ముందు

నాలుగైదేళ్ళ పిల్లలకు సూది ఇవ్వకూడదు. పాత అట్టపెట్టె ముక్క మీద చేపబొమ్మో చందమామో గీసి, గీత వెంబడి అంగుళానికొక రంధ్రం చేసి, బూటు లేసు ఇవ్వండి. లేసు కొసన గట్టి మొన ఉంటుంది కనుక ఒక రంధ్రంలో కిందికి, మరో రంధ్రంలో పైకి వాళ్ళే లాగుతారు. కుట్టు అంటే ఏమిటో అంతటితో తెలిసిపోతుంది.

ఆరేడేళ్ళు వచ్చినవారికి ఉన్ని కుట్టే సూది ఇవ్వవచ్చు. దాని మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉంటుంది. శుభ్రంగా ఉతికి ఆరబెట్టిన గోనెపట్టా ముక్క మీద ఉన్నిదారంతో కుట్టించండి. గోనె నేత వదులుగా ఉంటుంది కాబట్టి సూది సులువుగా దూరుతుంది, తప్పు కుట్టు పడితే లాగేయడం కూడా సులువే. ఎనిమిదేళ్ళు దాటాక మామూలు సూది ఇవ్వవచ్చు. కుట్టుమిషను దగ్గరికి పదేళ్ళు దాటాకే, అదీ పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే రానివ్వాలి.

సూదులు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. నాలుగు ఇస్తే నాలుగూ తిరిగి వచ్చేవరకు ఎవరూ లేవకూడదని నియమం పెట్టండి. సూది కిందపడి కనిపించకపోతే చేత్తో తడమకుండా అయస్కాంతంతో వెతకాలి. విరిగిన సూదిని అగ్గిపెట్టెలో వేసి మూసి పారేయాలి. పని మధ్యలో సూదిని నోట్లో పెట్టుకోవడం, చొక్కాకు గుచ్చుకోవడం పెద్దవాళ్ళే చేస్తుంటారు. పిల్లలు మన మాట కన్నా మన చేతను ఎక్కువగా అనుసరిస్తారని మరిచిపోకూడదు.

దారం మూరెడు చాలు. త్వరగా అయిపోతుందని పొడుగాటి దారం తీసుకుంటే చిక్కులు పడుతుంది, పిల్లవాడికి విసుగు వస్తుంది. దారం కొసను ఏటవాలుగా కత్తిరిస్తే బెజ్జంలో తేలికగా ఎక్కుతుంది. కుట్టేటప్పుడు గుడ్డను ఒడిలో పెట్టుకోనివ్వకండి. పైజామాతో కలిపి కుట్టేసుకుంటారు! చాప మీద చిన్న పీటో పలకో వేసుకుని దాని మీద కుట్టడం మేలు. గుడ్డ కొనవలసిన పని లేదు. పాత నూలు లుంగీ, దుప్పటి, కుర్తా ఏదైనా సరే. టైలరు దుకాణంలో అడిగితే కత్రన్ సంచెడు ఇస్తారు. జారిపోయే సిల్కు, నైలాను గుడ్డలు మాత్రం మొదట్లో వద్దు.

మొదటి పని: గుండీ

రెండు మూరల దారం సూదిలో ఎక్కించి, రెండు కొసలూ కలిపి ముడి వేస్తే మూరెడు జంట దారం అవుతుంది. చొక్కా లోపల ఒక అట్టముక్క పెట్టండి. మాలాగ ముందూ వెనకా కలిపి కుట్టకుండా అది కాపాడుతుంది. గుండీ ఉండవలసిన చోట సుద్దతో చుక్క పెట్టి, సూదిని గుడ్డ అడుగు నుంచి పైకి తెచ్చి, గుండీ రంధ్రంలోకి ఎక్కించాలి. ఇప్పుడు గుండీ మీద రంధ్రాల మధ్య ఒక అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి, దాని మీదుగా కుట్లు వేయాలి. నాలుగు రంధ్రాల గుండీ అయితే ఒక్కో జతకు నాలుగేసి కుట్లు చాలు. తర్వాత అగ్గిపుల్ల లాగేస్తే గుండీ కొంచెం వదులుగా పైకి లేస్తుంది. గుండీకీ గుడ్డకూ మధ్య దారాన్ని మూడు నాలుగు చుట్లు చుట్టి, సూదిని అడుగుకు దించి ముడి వేయాలి. కాజాలో గుండీ బిగుసుకుపోకుండా ఉండటానికే ఈ అగ్గిపుల్ల ఉపాయం. ఇది చూసినప్పుడు పిల్లల కళ్ళలో కనిపించే మెరుపు చూడవలసిందే.

దస్తీ మీద అలిఫ్

మెత్తని నూలుగుడ్డను 13 అంగుళాల చదరంగా కత్తిరించండి. నాలుగు వైపులా పావు అంగుళం ఒకసారి, మళ్ళీ పావు అంగుళం మరోసారి మడిచి, మడత మీద గోటితో గట్టిగా గీయాలి. మడత కదలకుండా ముందుగా పొడుగాటి కచ్చాకుట్టు వేసుకుని, ఆ తర్వాత చిన్న చిన్న కుట్లతో తుర్పాయి చేయాలి. టైలర్లు దీనినే హెమ్మింగ్ అంటారు. చివర కచ్చాకుట్టు లాగేస్తే 12 అంగుళాల దస్తీ తయారు.

ఒక మూల పిల్లవాడి పేరులోని మొదటి అక్షరం సుద్దతో రాసి, దాని మీద రంగుదారంతో బఖియా కుట్టించండి. సూదిని ఒక కుట్టు వెనక్కి గుచ్చి, రెండు కుట్లంత ముందుకు తేవడమే బఖియా. గట్టిగా ఉంటుంది, మధ్యలో ఖాళీ కనిపించదు. ఉర్దూ నేర్చుకునే పిల్లలకైతే ఇది మంచి అక్షరాభ్యాసం. అలిఫ్ ఒక నిలువు గీత, నాలుగు కుట్లతో అయిపోతుంది. బే కింద చుక్కకు ఒకే కుట్టు. మన తెలుగు అక్షరాలు గుండ్రనివి కాబట్టి కొంచెం ఓపిక కావాలి, కుట్లు చిన్నవిగా వేయాలి. 'అ' కుట్టడానికి ఒక సాయంత్రం పట్టినా నష్టం లేదు. ఆ సాయంత్రం పిల్లవాడు మన పక్కనే ఉంటాడు.

దిండుగలీబు నుంచి బజారు సంచి

120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా కూరగాయల బజారులో వాటి వాడకం చూస్తూనే ఉన్నాము. నిషేధం గురించి పిల్లలకు ఉపన్యాసం చెప్పే బదులు ఒక సంచి కుట్టించండి.

పాత దిండుగలీబుకు మూడు వైపులా కుట్టు ముందే ఉంటుంది కనుక పని సగం అయిపోయినట్లే. నోరు ఉన్న వైపు నుంచి 9 అంగుళాలు కత్తిరించి తీసి, ఆ ముక్క నుంచి 4 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవున్న పట్టీలు రెండు కత్తిరించుకోవాలి. ఒక్కో పట్టీని నిలువునా నాలుగు మడతలు వేసి కుడితే అంగుళం వెడల్పు పట్టెడ అవుతుంది. సంచి నోటిని రెండుసార్లు మడిచి కుట్టి, పట్టెడల కొసలను నోటి లోపలి వైపు పెట్టాలి. కొసల దగ్గర చిన్న చదరంగా కుట్టి, ఆ చదరంలో ఇంటూ గుర్తు కుట్టండి. బరువు మోసేది ఆ ఇంటూ గుర్తే. మొదటిసారి ఆ సంచిలో ఉల్లిగడ్డలు మోసుకొచ్చిన పిల్లవాడు ఇంటి గుమ్మంలో ఎలా నిలబడతాడో చూడండి!

ఈదీ బటువా

పాతకాలపు దాదీల నడుముకు ఒక బటువా ఉండేది. అందులో వక్కలు, లవంగాలు, చిల్లర డబ్బులు, అప్పుడప్పుడు మన కోసం దాచిన మిఠాయి బిళ్ళ ఉండేవి. పండుగనాడు వచ్చే ఈదీ దాచుకోవడానికి పిల్లలు తమ బటువా తామే కుట్టుకుంటే ఆ సంబరం వేరు.

8 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉన్న ముక్క తీసుకోండి. పొడుగు అంచులు రెండింటినీ రెండు కొసల దగ్గర మాత్రం ఓ రెండంగుళాల మేర, అర అంగుళం చొప్పున లోపలికి మడిచి కుట్టాలి. పీచులు రాకుండా ఉండటానికి ఇది. తర్వాత పొట్టి అంచులను ముందు పావు అంగుళం, ఆపైన ఒక అంగుళం మడిచి కుట్టాలి. నాడా దూరడానికి ఇవే దారులు. ఇప్పుడు గుడ్డను మంచివైపు లోపలికి ఉండేలా సగానికి మడవాలి. నాడా దారుల కింద నుంచి అడుగు మడత వరకు రెండు పక్కలా అర అంగుళం లోపలగా బఖియా కుట్టాలి. తిరగేస్తే సంచి అయింది. 24 అంగుళాల నాడా కొసకు పిన్నీసు గుచ్చి, ఒక దారిలో పంపి, రెండో దారి గుండా వెనక్కి తెచ్చి, కొసలు రెండూ ముడి వేయాలి. లాగితే మూతి మూసుకుంటుంది. పిల్లలు మొదటి పది నిమిషాలు తెరవడం, మూయడం తప్ప మరో పని చేయరు.

టోపీలో లెక్కల పాఠం

పదేళ్ళు దాటిన పిల్లలతో టోపీ కుట్టవచ్చు. ముందుగా టేపుతో తల చుట్టుకొలత తీసుకోవాలి. 20 అంగుళాలు ఉందనుకుందాము. దానిని 3.14తో భాగిస్తే సుమారు 6.4 వస్తుంది. అది పైభాగపు గుండ్రని బిళ్ళ అడ్డుకొలత. కుట్టుకు చుట్టూ అర అంగుళం వదలాలి కనుక బిళ్ళను 7.4 అంగుళాల అడ్డుకొలతతో కత్తిరించాలి. చుట్టుపట్టీ పొడవు 21, వెడల్పు 7 అంగుళాలు. పట్టీ కొసలు రెండూ అర అంగుళం లోపలగా కలిపి కుట్టి కడియంలా చేసి, దానిని సగానికి మడిస్తే మూడున్నర అంగుళాల జంట పట్టీ అవుతుంది.

గుండ్రని బిళ్ళను, పట్టీని కలిపేటప్పుడే చాలామంది తికమకపడతారు. ఉపాయమేమంటే రెండింటినీ నాలుగు భాగాలు చేసి సుద్దతో గుర్తులు పెట్టుకోవాలి. గుర్తుకు గుర్తు కలిపి పిన్నులు గుచ్చి, మధ్యభాగాలను కొద్దికొద్దిగా సర్దుతూ కచ్చాకుట్టు వేసుకోవాలి. ఆపైన బఖియా చేతితోనైనా వేయవచ్చు, మిషను మీద పెద్దవాళ్ళయినా వేయవచ్చు. మా తరగతిలో పై విలువ నోటికి అప్పజెప్పి కూడా అది ఎందుకో తెలియని పిల్లలు చాలామంది ఉన్నారు. తన తల కొలతతో తన టోపీ కుట్టుకున్నవాడు మాత్రం దానిని మరిచిపోలేదు.

ఇలాగే దివ్యఖుర్ఆన్ ప్రతికి జుజ్‌దాన్ కుట్టవచ్చు. గ్రంథం పొడవు, వెడల్పు, మందం కొలిచి, కవరులా మడిచి, మూతకు ఒక గుండీ పెడితే సరిపోతుంది. గుండీ కుట్టడం, అంచు మడవడం, పక్కలు కలపడం ముందే వచ్చేశాయి కదా, పిల్లలే చేసేస్తారు.

వంకర కుట్లు విప్పకండి

ఇక్కడ మా ఇంట జరిగిన ఒక పొరపాటు చెప్పక తప్పదు. మా అమ్మాయి ఎనిమిదేళ్ళ వయసులో ఒక బటువా కుట్టింది. కుట్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో ఒకచోట వేలు దూరేంత సందు. పిల్ల నిద్రపోయాక ఆ కుట్లన్నీ విప్పేసి, మిషను మీద నీటుగా కుట్టి పెట్టాము. పొద్దున్నే చూసి సంతోషిస్తుందనుకున్నాము. పిల్ల బటువాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాది కాదు" అని పక్కన పెట్టేసింది. ఆ తర్వాత ఏడాది పాటు సూది ముట్టుకోలేదు. మంచి చేయబోయి పిల్లల పనిని మన పనిగా మార్చేస్తే, 'నీకు చేతకాదు' అని నోటితో చెప్పకుండానే చెప్పినట్లవుతుంది.

కాబట్టి కుట్టు వంకరగా ఉంటే ఉండనివ్వండి. విప్పవలసి వస్తే పిల్లలే విప్పాలి, మళ్ళీ పిల్లలే కుట్టాలి. ఒకేసారి అంతా పూర్తి చేయాలని కూడా పట్టుబట్టకూడదు. చిన్నవారికి 20 నిమిషాలు చాలు. సగంలో ఆగిన పనిని డబ్బాలో పెట్టి మర్నాడు తీయవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ సమయంలో మన చేతిలోనూ సూది ఉండాలి. పిల్లవాడికి పని అప్పగించి మనం మొబైలు ఫోను చూసుకుంటూ కూర్చుంటే అది కలిసి కుట్టడం కాదు, కాపలా కాయడం. మాటలు వాటంతట అవే వస్తాయి. రానినాడు రావు. ప్రశ్నలతో వేధించకండి. పిల్లలు చెప్పినదానికి వెంటనే నసీహత్ మొదలుపెట్టకండి. సగం మాటలో ఆపేస్తారు.

మళ్ళీ ఆ కుర్రవాడు

గుండీ కుట్టిన తర్వాత ఆ కుర్రవాడు ప్రతి శనివారం భోజనాల వేళ మా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. వాడిని చూసి మరో నలుగురు చేరారు. మొదటి రోజు కిసుక్కున నవ్వినవాడు కూడా అందులో ఉన్నాడు. వాడి చొక్కాకూ గుండీలు ఊడే ఉన్నాయని అప్పుడే తెలిసింది! నాలుగో శనివారానికి మన కుర్రవాడు ఒక బటువా పూర్తి చేశాడు. నీలం యూనిఫారం ముక్క, తెల్లదారం. ఎవరి కోసమని మేము అడగలేదు.

రెండు నెలల తర్వాత వాడి తల్లి బడికి వచ్చింది. బాగా చిక్కిపోయి ఉంది, కాని తన కాళ్ళ మీద నడిచి వచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్. కుర్చీలో కూర్చుని బురఖా మాటు నుంచి నీలం బటువా తీసింది. దాని నిండా మాత్రల అట్టలు, ఆసుపత్రి చీటీలు.

"మౌల్వీ సాబ్, ఒక్క మాట అడుగుతాను. ఇది నిజంగా మా వాడే కుట్టాడా, మీరు కుట్టి ఇచ్చారా?"

"చూడమ్మా, మేము కుడితే ఇంత వంకరగా ఉంటుందా?"

ఆమె కుట్ల మీద వేలు ఆనించి కొసదాకా చూసింది. తర్వాత నవ్వింది. మేమూ నవ్వాము. తలుపు దగ్గర నిలబడిన కుర్రవాడు తల వంచుకున్నాడు. ఆ రోజు తరగతిలో నిలబెట్టినప్పుడూ తల వంచుకున్నాడు. రెండింటికీ ఎంత తేడా!

పాఠకులారా! ఈ జుమా నమాజు అయి, భోజనాలు ముగిశాక ఇంట్లో ఒకసారి వెతకండి. గుండీ ఊడిన చొక్కా ఒక్కటైనా దొరుకుతుంది. పిల్లవాణ్ణి పిలిచి, "బేటా, జరా ఈ సూదిలో దారం ఎక్కించు" అనండి. ఎక్కించాక పొమ్మనకండి. పక్కన కాస్త చోటు ఇవ్వండి.